ముక్కు మండినంత మాత్రాన వాసన తెలిసినట్టు కాదు

చెవి, ముక్కు, గొంతు: పాఠకుల ప్రశ్నలకు విజయనగరం ఈఎన్‌టీ డాక్టరు సమాధానాలు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది రాజాం. పోయిన సంక్రాంతికి ముందు మా ఆయన చీపురుపల్లి రోడ్డులో బండి మీద నుంచి పడ్డారు. తల వెనక దెబ్బ తగిలింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అన్నీ సర్దుకున్నాయి గానీ వాసన పోయింది. పోపు మాడినా, పాలు పొంగి మాడినా ఆయనకు తెలియడం లేదు. కానీ మొన్న ఆవపెట్టిన పనసపొట్టు కూర వడ్డిస్తే ముక్కు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అమృతాంజనం రాసినా తెలుస్తుందట. "వాసన రాదంటావు, మరి ఇదెలా తెలిసిందిరా?" అని మా అత్తగారు. పరిహారం కేసులో అవతలి వాళ్ళ డాక్టరు ఏదో సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టగానే ఈయన ఉలిక్కిపడి తల వెనక్కి లాక్కున్నారు. "వాసన తెలుస్తోంది" అని రాసేశారట. ఇప్పుడు నాకూ అనుమానం వస్తోంది, టెన్షన్‌గా ఉంది. ఆయన నిజమే చెబుతున్నారా?
— ఒక గృహిణి, రాజాం

జవాబు: అమ్మా, మీ ఆయన చెబుతున్నది నిజం. ఆవ ఘాటుకు కళ్ళనీళ్ళు రావడం, సీసా పెట్టగానే తల వెనక్కి పోవడం ఆయన మాటకు అడ్డు రావు, పైగా దాన్ని బలపరుస్తాయి. తలకు దెబ్బ తగిలి వాసన పోయినవాళ్ళను ఇంట్లోవాళ్ళే నమ్మకపోవడం నా ఓపీలో తరచు చూస్తుంటాను. చెయ్యి విరిగితే కట్టు కనిపిస్తుంది, అందరూ అయ్యో అంటారు. ఇది ఎవరి కంటికీ కనిపించదు. అందుకే ఈసారి మీ ఉత్తరానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. మిగతావి కూడా దీనికి దగ్గరగా ఉన్నవే తీసుకున్నాను.

మన ముక్కులోకి రెండు వేరువేరు నాడులు వస్తాయి. ఒకే ఇంటికి రెండు కరెంటు లైన్లు వేసినట్టు, ఒకటి పోయినా రెండోది పనిచేస్తూనే ఉంటుంది.

మొదటిది ఘ్రాణ నాడి. మల్లెపూలు, కాఫీ, మాడిన పోపు, పాడైన కూర, ఇవన్నీ మనకు తెలిసేది దీనితోనే. దాని కణాలు ముక్కు పైకప్పులో, కళ్ళ మధ్య ఎత్తున, చిన్న జాగాలో ఉంటాయి. వాటి పోగులు ఒక్కో పక్క ఇరవై దాకా సన్నని కట్టలుగా చేరి, చిల్లులున్న పలచటి ఎముకలోంచి నేరుగా మెదడు అడుగు భాగానికి వెళతాయి. తల వెనక గట్టి దెబ్బ తగిలితే మెదడు ఒక్క కుదుపుతో జరుగుతుంది, ఎముక కదలదు. ఆ చిల్లుల దగ్గరే ఈ పోగులు తెగిపోతాయి. మామూలు స్కానింగులో ఏమీ కనిపించకపోవచ్చు కూడా.

రెండోది ట్రైజెమినల్ నాడి, అంటే అయిదో కపాల నాడి. ఇంటర్‌లో జంతుశాస్త్రం చదివినవాళ్ళు దీన్ని త్రిధార నాడి అని చదువుకుని ఉంటారు. మొహం మీద ఈగ వాలితే తెలిసేది, పన్ను నొప్పి తెలిసేది, కంట్లో నలుసు పడితే తెలిసేది ఈ నాడి వల్లే. దాని మూడు శాఖల్లో రెండు ముక్కులోకి కొమ్మలు వేస్తాయి. కంటి వైపు శాఖ ముక్కు ముందు భాగానికి, పై దవడ శాఖ వెనక భాగానికి. ఇది పుర్రెలోంచి వేరే దారుల్లో, గట్టి ఎముక రంధ్రాల్లోంచి బయటకు వస్తుంది. అందుకే మీ ఆయనకు తగిలిన లాంటి దెబ్బకు ఇది సాధారణంగా చెక్కుచెదరదు.

ఈ రెండో నాడి గురించి బయట ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. నాకు మాత్రం ముక్కులో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే అనిపిస్తుంది. దాని కొమ్మలు చీలి చీలి, చివరికి మిల్లీమీటరులో వెయ్యో వంతు మందం ఉండే పోగులవుతాయి. చాలావాటికి పైన మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉండదు. అందుకని కబురు సెకనుకు మీటరు వేగంతో, నిదానంగా వెళుతుంది. వాటి కొసలు ముక్కులోని గాలిలోకి పొడుచుకు రావు. లోపలి పొర పైకణాల మధ్య దాకా వచ్చి, ఉపరితలానికి కొద్ది దూరంలో ఆగిపోతాయి. కాబట్టి గాలిలో వచ్చిన రసాయనం ముందు చీమిడిలో కరిగి, పైకణాలు దాటి, ఈ కొసలను చేరాలి. ఘాటైన సీసా మూత తీసినప్పుడు ముందు వాసన, ఆ వెనకే మంట రావడానికి కారణం ఇదే. ఇవికాక, ఆ పొర పైవరసలోనే అక్కడక్కడ ఒంటరిగా ఉండే కణాలు కొన్ని చేదు రసాయనాలను పసిగట్టి, పక్కనున్న ఈ పోగులకు కబురు అందిస్తాయని 2003లో అమెరికా పరిశోధకులు ఎలకల్లో చూపించారు.

వచ్చింది మల్లెపువ్వా, సంపెంగా అని చెప్పడం ఈ పోగుల పని కాదు. లోపలికి వస్తున్న గాలిలో ఒంటికి హాని చేసేది ఉందా లేదా అన్నదే వాటి లెక్క. ఉందంటే మనం ఆలోచించేలోపే ఊపిరి బిగుస్తుంది, తుమ్ము వస్తుంది, కళ్ళూ ముక్కూ కారతాయి, తల వెనక్కి పోతుంది. ఇదంతా ఊపిరితిత్తుల దాకా ఆ గాలి పోకుండా ఒళ్ళు తనకు తానే చేసుకునే ఏర్పాటు.

ఇక మీ పనసపొట్టు కూర సంగతి. ఆవగింజలో ఘాటు ముందే తయారై ఉండదు. సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, దాన్ని విడగొట్టే ఎంజైము వేరేచోట ఉంటాయి. నీళ్ళు చిలకరించి నూరినప్పుడు రెండూ కలిసి ఆలైల్ ఐసోథయోసయనేట్ అనే నూనె పుడుతుంది. పోపులో వేసిన ఆవాలు ముక్కుకు తగలవు, ఎందుకంటే కాగిన నూనె వేడికి ఎంజైము చచ్చిపోతుంది. అదే ఆవ ముద్దను మీరు కూర దించాక కలుపుతారు కాబట్టి ఘాటు అంతా నిలుస్తుంది. ఈ నూనె తేలిగ్గా ఆవిరవుతుంది. ముద్ద నోట్లో పెట్టుకోగానే గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కి, ఆ సన్న పోగుల మీదున్న ట్రిప్-ఎ1 అనే ప్రోటీన్ ద్వారాలను తెరుస్తుంది. ఆవ నూనెకు ఈ ద్వారమే స్పందిస్తుందని 2004లో తేలింది. ఘాటు నషాళానికి అంటింది అని మనం అనేది సరిగ్గా ఈ క్షణాన్నే. ఇందులో ఘ్రాణ నాడికి పని లేదు. మీ ఆయనకు ఆవ ఘాటు తెలిసింది, కూర కమ్మదనం మాత్రం తెలిసి ఉండదు. ఒకసారి అడిగి చూడండి. పనసపొట్టు వేశారో, అరటికాయ వేశారో కళ్ళు మూసుకుంటే ఆయన చెప్పలేకపోవచ్చు. అమృతాంజనం కూడా అంతే. ఆయనకు తెలిసింది అందులోని చల్లదనం, మంట.

ఇప్పుడు ఆ సీసా. నాకు తెలిసినంతవరకు అలాంటి పరీక్షకు వాడేది అమ్మోనియా. దాన్ని వాడే పద్ధతి ఇది: వాసన పూర్తిగా పోయిందని చెప్పే మనిషి ముక్కు దగ్గర అమ్మోనియా పెడితే, నిజంగా వాసన పోయినవాడు కూడా ఉలిక్కిపడాలి, ఎందుకంటే అది అయిదో నాడిని గుచ్చుతుంది. "నాకేమీ తెలియలేదు" అని కదలకుండా కూర్చున్నవాడి మీదే డాక్టరుకు అనుమానం రావాలి. మీ ఆయన తల వెనక్కి లాక్కున్నారు, అంటే నిజాయితీగా ప్రవర్తించారు. దాన్ని తిరగేసి రాయడం అన్యాయం. వాసన లేనివాళ్ళకు ఎన్ని తెలుస్తాయో 1978లో అమెరికాలో పరీక్షించారు. 47 రకాల వాసన పదార్థాలు ఇస్తే, 45 పదార్థాలు వాళ్ళలో కొందరికైనా ఏదో ఒక తాకిడిగా తెలిశాయి. అందుకే పరీక్షకు అయిదో నాడిని దాదాపు తాకని పదార్థాలే వాడాలి. గులాబీ వాసన ఇచ్చే ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్, వెనీలా వాసన ఇచ్చే వెనిలిన్ లాంటివి. ప్రభుత్వ వైద్య కళాశాల ఈఎన్‌టీ విభాగంలో ఇలాంటి పదార్థాలతో వాసన పరీక్ష చేసి రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. ఘ్రాణ నాడి చివరి ఉబ్బులను చూసేలా ఎమ్మారై కూడా తీయించమనండి. అవి దెబ్బతిన్నట్టు కనిపిస్తే మీ కేసుకు గట్టి ఆధారం అవుతుంది.

ఇంట్లో మీ మనశ్శాంతి కోసం ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. ఆయన్ని కళ్ళు మూసుకోమని, ఒకసారి కాఫీ పొడి డబ్బా, ఒకసారి ఖాళీ డబ్బా పెట్టండి. ఏది ఏదో ఆయన ఊహతో చెబుతారు గానీ తేడా దొరకదు. వెనీలా ఎసెన్స్ పెట్టాలనుకుంటే నీళ్ళలో ఒక చుక్క కలిపి పెట్టండి. సీసాలోదే పెడితే అందులోని ఆల్కహాలు గుచ్చుతుంది, మళ్ళీ అత్తగారి అనుమానం మొదలవుతుంది.

ఇంతకంటే నాకు ఎక్కువ భయంగా ఉన్న విషయం ఇంకొకటుంది. దయచేసి ఇది మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి. "ఆవ తెలిసింది, అమృతాంజనం తెలిసింది, కాబట్టి గ్యాస్ లీకైనా తెలుస్తుందిలే" అని ఎవరూ అనుకోవద్దు. వంటగ్యాసుకు సొంత వాసన లేదు. లీకు తెలియడానికి అందులో ఇథైల్ మెర్కాప్టాన్ అనే వాసన పదార్థం కాస్త కలుపుతారు. ఘ్రాణ నాడికి అది అతి తక్కువ మోతాదులోనే తెలుస్తుంది. అయిదో నాడిని ఆ మోతాదు తాకనే తాకదు. అంటే ఇల్లంతా గ్యాస్ నిండినా మీ ఆయన ముక్కు మౌనంగానే ఉంటుంది. ఆయన ఒక్కరే ఇంట్లో ఉండి, పొద్దున్నే లేచి టీ కోసం లైటర్ నొక్కే రోజు ఉంటుంది కదా! గ్యాస్ లీక్ డిటెక్టర్ ఒకటి కొని వంటింట్లో నేలకు దగ్గరగా పెట్టండి. ఎల్పీజీ గాలి కంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది, అందుకే పైన పెడితే లాభం లేదు. రాత్రి రెగ్యులేటర్ కట్టేయడం అలవాటు చేసుకోండి. లీకు అనుమానం వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా తలుపులు తీసి, బయటకు వచ్చి 1906కు ఫోన్ చేయండి. పొగ వస్తే ఆయన ముక్కు మండుతుంది గానీ మీకు తెలిసినదానికంటే ఆలస్యంగా. నిల్వ ఉన్న కూరలు, పాలు, మాంసం ఎవరో ఒకరు వాసన చూశాకే ఆయనకు పెట్టండి.

ఇంకో మాట. వాసన పోయినవాళ్ళు రుచి తెలియక, ఏదో ఒకటి తెలియాలని పచ్చళ్ళు, కారం, ఉప్పు ఎక్కువగా వేసుకుంటారు. నాలుక మంట అయిదో నాడిది కాబట్టి అది వాళ్ళకు మిగిలిన ఆనందాల్లో ఒకటి. దాన్ని పూర్తిగా ఆపొద్దు, పాపం. బీపీ మాత్రం నెలనెలా చూపించండి.

తిరిగి వస్తుందా అని మీరు అడగలేదు గానీ అడుగుతారని తెలుసు. కొందరికి మొదటి ఏడాదిలో కొంత తిరిగి వస్తుంది. అందరికీ రాదు. 2009లో జర్మనీలో ప్రచురించిన ఒక పద్ధతి ఉంది. గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ నూనెలను రోజుకు రెండుపూటలా, ఒక్కోదాన్ని కాసేపు శ్రద్ధగా వాసన చూస్తూ పన్నెండు వారాలు చేయడం. జలుబు వైరస్‌ల వల్ల పోయిన వాసనకు ఇది బాగా పనికొస్తుంది, దెబ్బ వల్ల పోయినదానికి అంతగా కాదు. అయినా హాని లేదు, ఖర్చు లేదు, చేయించండి.

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. మా అప్ప జీడిపిక్కలు కాల్చే బట్టీలో పని చేస్తుంది. కొత్తలో పొగకు కళ్ళూ ముక్కూ మండి ఏడ్చేది. ఇప్పుడు అలవాటైపోయింది, ఏమీ తెలియడం లేదు అంటుంది. కానీ ముక్కు దిబ్బడ, కారడం తగ్గడం లేదు. ఇంటికి వచ్చాక అగరుబత్తి వెలిగించినా తుమ్ములే. అలవాటు పడటం మంచిదేనా?
— డిగ్రీ విద్యార్థిని, పలాస

జవాబు: మంచిది కాదు తల్లీ. మండటం ఆగింది గానీ పొగ ఆగలేదు కదా.

జీడిపిక్క పెంకులో ఉండే నూనె చేతికి తగిలితే పొక్కులు లేస్తాయని మీ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాల్చేటప్పుడు ఆ నూనె పొగలో కలిసి వస్తుంది. ఏ నూనె అయినా మాడిందంటే ఆక్రోలిన్ అనే ఆవిరి కూడా పుడుతుంది. ఇది కూడా రాజాం అమ్మకు చెప్పిన ట్రిప్-ఎ1 ద్వారాన్నే తెరుస్తుంది, భాష్పవాయువు ముట్టుకునేదీ దాన్నే. ఇలాంటి రసాయనాలు ఆ ప్రోటీన్‌కు రసాయనికంగా అతుక్కుంటాయి. అందుకే పొగలోంచి బయటకు వచ్చినా మంట వెంటనే తగ్గదు.

మీ అప్ప ముక్కు ఎప్పుడూ కారడానికి ఒక కారణం ఈ పోగుల్లోనే ఉంది. అవి మెదడుకు కబురు పంపి ఊరుకోవు. మండిన చోటే తమ కొసల నుంచి సబ్‌స్టెన్స్ పి, సీజీఆర్పీ అనే పదార్థాలు వదులుతాయి. వాటివల్ల రక్తనాళాలు ఉబ్బుతాయి, నీరు ఊరుతుంది, పొర వాచి దిబ్బడ వేస్తుంది. రోజూ ఇదే జరుగుతుంటే కొన్ని పోగులు అలసిపోయి స్పందించడం మానేస్తాయి, మిగతావి అతిగా స్పందించడం మొదలుపెడతాయి. బట్టీ దగ్గర ఏమీ తెలియకపోవడం, ఇంట్లో అగరుబత్తికి తుమ్మడం, రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. మంట తెలియని కాపలా వెనక ఊపిరితిత్తులు మాత్రం అదే పొగ పీలుస్తున్నాయి.

ఏం చేయాలి? మొహానికి కట్టుకునే చీర చెంగు దుమ్మును కొంత ఆపుతుంది, ఆవిరిని ఆపదు. ఆవిరిని పీల్చుకునే బొగ్గు పొర ఉన్న మాస్కులు దొరుకుతాయి, వాటిని యజమానితో కొనిపించే ప్రయత్నం చేయండి. అందరూ కలిసి అడిగితే మేలు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని పొగ పోయే వైపు కాకుండా గాలి వచ్చే వైపు నిలబడటం, పొగ గొట్టం ఎత్తు పెంచడం, ఇవి డబ్బు పెద్దగా అక్కర్లేని మార్పులు. ఇంటికి రాగానే అర లీటరు మరిగించి చల్లార్చిన నీళ్ళలో ఒక టీ చెంచా ఉప్పు కలిపి ముక్కు కడుక్కోమను. కుళాయి నీళ్ళు నేరుగా వాడొద్దు. ఆయాసం, పిల్లికూతలు, ముక్కులోంచి రక్తం ఉంటే ఆలస్యం చేయకుండా చూపించండి.

మీ ప్రాంతం కాబట్టి ఒకటి కలుపుతున్నాను. ముక్కు మధ్య గోడ మీదుగా వచ్చే ఈ నాడి కొమ్మ ఒకటి, ముందరి పళ్ళ వెనక రంధ్రంలోంచి దిగి అంగిట్లోకి వస్తుంది. శ్రీకాకుళం తీరంలో అడ్డపొగ తాగే ఆడవాళ్ళు, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకునేవాళ్ళు, "మాకు మంట తెలియదమ్మా" అంటారు. అంగిలి మందంగా, తెల్లగా అయిపోతుంది. అక్కడ క్యాన్సరు వచ్చే ప్రమాదం ఎక్కువ. మీ ఇంట్లో నాన్నమ్మో అమ్మమ్మో అలా తాగుతుంటే ఒకసారి నోరు చూపించడానికి తీసుకురండి. నొప్పి లేదని ఆగొద్దు.

ప్రశ్న: మా బడి పక్కనే చేపలకు ఐస్ తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది. అమ్మోనియా లీకైతే పిల్లలకు ముందుగా తెలుస్తుందా? ఏం చేయాలి?
— ఒక ఉపాధ్యాయుడు, భావనపాడు వైపు నుంచి

జవాబు: తెలుస్తుంది మాస్టారూ. ప్రమాదకరమైన వాయువుల్లో అమ్మోనియా మనకు ముందుగానే చెప్పేది. గాలిలో పది లక్షల పాళ్ళకు దాదాపు అయిదు పాళ్ళు ఉంటేనే చాలామందికి వాసన వస్తుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ రోజుకు పది గంటల దాకా పనికి సూచించిన పరిమితి 25 పాళ్ళు. ప్రాణాపాయం ఉందని లెక్కగట్టిన హద్దు 300. అంటే హద్దు దాటక ముందే ముక్కూ కళ్ళూ గట్టిగా మండుతాయి, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పరిగెత్తుతారు. మీరు చూడాల్సిందల్లా ఎటు పరిగెత్తుతున్నారన్నదే. గాలి వీచే దిశకు అడ్డంగా పక్కకు తప్పుకుని, ఆ తరవాత గాలి వస్తున్న వైపుకు నడిపించండి. అమ్మోనియా నీళ్ళలో బాగా కరుగుతుంది కాబట్టి తడిపిన గుడ్డ ముక్కుకు పెట్టుకుంటే బయటపడే కొద్ది నిమిషాలకు కొంత సాయం. కళ్ళు మండుతుంటే మంచినీళ్ళతో కనీసం పావుగంట కడగాలి. బడిలో ఒక నీళ్ళ ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉంచండి. ఏడాదికి ఒకసారైనా పిల్లలతో ఈ నడక సాధన చేయించండి.

ఫ్యాక్టరీ లోపల పనిచేసేవాళ్ళ ముక్కును మాత్రం నమ్మొద్దు. రోజూ పీల్చి వాళ్ళకు తక్కువ మోతాదు తెలియకుండా పోతుంది. "ఏం లేదు మాస్టారూ, మామూలే" అని వాళ్ళు అన్నా, మీ పిల్లలు మండుతోందంటే పిల్లల మాటే వినండి.

ప్రశ్న: నాకు ఎప్పుడూ ముక్కు దిబ్బడ. మెంథాల్ ఇన్‌హేలర్ పీల్చగానే ముక్కు తెరుచుకుంటుంది. రాత్రికి మాత్రం ముక్కులో చుక్కల మందు వేసుకుంటాను, రెండు నెలలుగా. రెండిట్లో ఏది మంచిది?
— ఇంజినీరింగ్ విద్యార్థి, విజయనగరం

జవాబు: బాబూ, ముందు ఆ చుక్కల మందు గురించి. ఆక్సీమెటజొలిన్, జైలోమెటజొలిన్ అని సీసా మీద రాసి ఉంటే అది రక్తనాళాలను నిజంగానే ముడుచుకునేలా చేసి దారి తెరుస్తుంది. కానీ అయిదు రోజులకు మించి వాడితే, మందు ప్రభావం దిగగానే పొర ముందుకంటే ఎక్కువ వాస్తుంది. మళ్ళీ చుక్కలు, మళ్ళీ వాపు. రెండు నెలల తర్వాత నీ దిబ్బడకు ఆ మందే కారణం అయి ఉండొచ్చు. దాన్ని మానే పద్ధతి ఉంది, స్టెరాయిడ్ స్ప్రే సాయంతో ముందు ఒక పక్క, తర్వాత రెండో పక్క మానిపిస్తాం. దగ్గర్లోని ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకో.

మెంథాల్ సంగతి వేరు. అది ముక్కు తెరవదు. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో రాన్ ఎకల్స్ బృందం 1980లలో ముక్కులోంచి గాలి పోయే అడ్డంకిని కొలిచి చూసింది. మెంథాల్ పీల్చాక హాయిగా ఉందని మనుషులు చెప్పారు, కొలతలో మాత్రం మార్పు లేదు. ఇక్కడ కూడా అయిదో నాడిదే పని. ఊపిరి పీల్చినప్పుడు గాలి ముక్కులోని పొరను చల్లబరుస్తుంది. ఆ చల్లదనాన్ని ట్రిప్-ఎమ్8 అనే ద్వారం ఉన్న పోగులు గమనిస్తాయి. గాలి బాగా ఆడుతోందని మనకు అనిపించేది ఆ చల్లదనాన్ని బట్టే. మెంథాల్ అదే ద్వారాన్ని తెరుస్తుంది. 2002లో ఈ సంగతి బయటపెట్టిన రెండు బృందాల నాయకులు డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్. మిరపకాయలోని క్యాప్సైసిన్‌కు స్పందించే ద్వారాన్ని 1997లో కనిపెట్టింది జూలియస్ బృందమే. ఇద్దరికీ కలిపి 2021లో నోబెల్ వచ్చింది. పరీక్షల ముందు హాయి కోసం ఇన్‌హేలర్ పీల్చుకో, తప్పులేదు. కానీ దిబ్బడ ఎందుకుందో, ముక్కు దూలం వంకరా, ఎలర్జీనా, చుక్కల మందా, అది తేల్చుకో.

ప్రశ్న: మా మనవడికి ఐదో నెల. జలుబు చేస్తే కర్పూరం మూట కట్టి ఉయ్యాలకు వేలాడదీస్తున్నాం. బామ్ కొద్దిగా ముక్కు కింద రాస్తున్నాం. చేయొచ్చా?
— ఒక నాయనమ్మ, ఆమదాలవలస

జవాబు: వద్దమ్మా, ఈరోజే తీసేయండి. రెండేళ్ళలోపు పిల్లలకు కర్పూరం, మెంథాల్ ఉన్న బామ్‌లు రాయకూడదు. ముక్కులోని ఆ పోగులు ఘాటుకు పసిపిల్లల్లో ఊపిరినే కాసేపు ఆపేయగలవు. కర్పూరం ముక్క చేతికి అంది నోట్లో పెట్టుకుంటే ఫిట్స్ వస్తాయి. మీ ప్రేమ నాకు అర్థమవుతోంది. దాన్ని ఇలా చూపించండి: మెడికల్ షాపులో దొరికే సెలైన్ చుక్కలు పాలిచ్చే ముందు ఒక్కో ముక్కులో ఒకటీ రెండూ వేయండి, తల్లిపాలు తరచుగా పట్టించండి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా వెంటనే ఆస్పత్రికి.

ప్రశ్న: గోళీసోడా తాగి తేన్చితే ముక్కులో గుచ్చుతుంది. సోడాకు వాసన లేదు కదా మేడమ్, మరి ముక్కుకు ఏం తెలుస్తోంది? బుడగలు పగలడం వల్లా?
— తొమ్మిదో తరగతి విద్యార్థి, బొబ్బిలి

జవాబు: నీ ప్రశ్న నాకు ఎంతో నచ్చింది నాన్నా. సోడాలోది కార్బన్ డయాక్సైడ్. దానికి నిజంగానే వాసన లేదు. ముక్కు పొర తడిలోకి చేరగానే అక్కడున్న కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైము దాన్ని కార్బోనిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం అయిదో నాడి పోగులను గుచ్చుతుంది. ఘ్రాణ నాడిని కదపకుండా అయిదో నాడిని మాత్రమే పరీక్షించాలంటే పరిశోధకులు ఈ వాయువునే వాడతారు.

బుడగలు కారణం కావు. గాలి ఒత్తిడి బాగా పెంచిన గదిలో బుడగలు రావు. అలాంటి గదిలో కూర్చోబెట్టి సోడా తాగించినా గుచ్చడం తగ్గలేదని 2013లో చూశారు. ఎత్తైన కొండలెక్కేవాళ్ళు వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్ర ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. అది వేసుకున్నవాళ్ళకు సోడా, బీరు చప్పగా ఉంటాయి.

ఇప్పుడు నువ్వు చేసుకోగల ప్రయోగం ఒకటి చెబుతాను. ఒకేలాంటి రెండు చిన్న సీసాలు తీసుకో. ఒకదానిలో దూది మీద రోజ్‌వాటర్, రెండోదానిలో ఉత్త నీళ్ళు. నీ స్నేహితుణ్ణి కళ్ళు మూసుకోమని, రెండు సీసాలూ ఒకేసారి, ఒక్కో ముక్కుకు ఒకటి పెట్టు. తల తిప్పకుండా ఒక్కసారి పీల్చి, వాసన ఏ పక్క నుంచి వచ్చిందో చెప్పమను. పక్కలు మారుస్తూ ఇరవైసార్లు చెయ్యి. దాదాపు సగం సార్లే సరిగా చెబుతాడు, అంటే ఊహిస్తున్నాడన్నమాట. తర్వాత రోజ్‌వాటర్ బదులు కాస్త బామ్ రాసిన దూది పెట్టు. ఈసారి దాదాపు ప్రతిసారీ సరైన పక్కే చెబుతాడు. వాసన వచ్చిన పక్క మనకు తెలియదు. మంట, చల్లదనం వచ్చిన పక్క తెలుస్తుంది, ఎందుకంటే అయిదో నాడి మొహం మీద చెయ్యి ఎక్కడ తగిలిందో చెప్పే నాడే. జర్మనీలో 1989లో ఇదే పద్ధతిని పరికరాలతో చేసి చూపించారు.

అమ్మోనియా, ఫినాయిల్, పెట్రోలు, కారప్పొడితో మాత్రం ఈ ప్రయోగం చేయొద్దు. ఆస్తమా ఉన్న స్నేహితుడితో అసలు చేయొద్దు. ఒక్కో సీసాకు ఎన్నిసార్లు సరైందో పట్టిక వేసి మీ సైన్సు టీచరుకు చూపించు, నాకూ ఒక ప్రతి పంపు.